ఐసీయూలో కొత్తగా డ్యూటీ పడిందా? షాక్‌లో వచ్చిన పేషెంట్‌ని మొదటి గంట నుంచి వార్డుకి పంపేదాకా ఎలా చూస్కోవాలి

ఎంబీబీఎస్ అవ్వగానే నైట్ డ్యూటీ డాక్టర్‌గా చేరినవాళ్ళు, పీజీ ఫస్టియర్ వాళ్ళు, నర్సింగ్ అయ్యాక నేరుగా ఐసీయూలో వేసేసిన సిస్టర్లు, అందరూ అడిగేది ఒకటే, బాగా సీరియస్ పేషెంట్ వస్తే ఎక్కడ మొదలెట్టాలి అని. పుస్తకంలో అన్నీ ఉంటాయి కానీ అర్ధరాత్రి స్ట్రెచర్ తోసుకుంటూ వచ్చేస్తే ఏది ముందు ఏది తర్వాత అని పేజీలు తిప్పే టైమ్ ఎక్కడుంటుంది. అందుకే ఒక్క రకం పేషెంట్‌నే పట్టుకుని రాస్తున్నా, సెప్టిక్ షాక్, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకి బీపీ పడిపోవడం. నిమోనియా కావచ్చు, యూరిన్ ఇన్ఫెక్షన్ కావచ్చు, షుగర్ ఉన్నాయన కాలికి పుండు ముదిరి రావచ్చు, వానలు పడ్డాక స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం) కావచ్చు. ఇది చూడటం వస్తే మిగతావి చాలావరకు వచ్చేస్తాయి. మీ యూనిట్ ప్రోటోకాల్ ఉంటే అదే ఫాలో అవ్వండి, సీనియర్‌కి ఫోన్ చెయ్యడానికి మొహమాటపడొద్దు.

అసలు సంగతికి ముందు ఒక అలవాటు చేస్కోండి. ఆర్డర్ రాసేటప్పుడే మళ్ళీ వచ్చి ఎప్పుడు చూస్తారో ఆ టైమ్ కూడా పక్కనే రాయండి. "ఆర్‌ఎల్ 500 ఫాస్ట్‌గా" (రింగర్ లాక్టేట్ సెలైన్ 500 ఎంఎల్) అని రాసి వెళ్ళిపోతే అది సగం ఆర్డరే. "2:20కి బీపీ, ఊపిరి, లంగ్స్ చూడాలి" అని కూడా రాస్తేనే పూర్తయినట్టు. ఐసీయూలో మందు ఇవ్వక జరిగే నష్టం కన్నా, ఇచ్చాక దాంతో ఏమైందో ఎవరూ వచ్చి చూడక జరిగే నష్టమే ఎక్కువ అని నా గట్టి నమ్మకం.

1. ఫోన్ రాగానే

క్యాజువాల్టీ నుంచి ఫోన్ వచ్చినప్పుడే అడగాల్సినవి అడిగేయండి, బరువెంత, ఇప్పటిదాకా ఎన్ని బాటిళ్ళు ఎక్కాయి, యాంటీబయాటిక్ ఏదైనా పడిందా, పడితే ఎన్నింటికి, ఏదైనా మందు పడదా. బయట నర్సింగ్ హోమ్ నుంచి వస్తుంటే ఆ చీటీలన్నీ తెమ్మనండి, అక్కడ ఏ ఇంజెక్షన్లు చేశారో వీళ్ళ నోటి మాట మీద తెలియదు. ఈలోపు బెడ్ దగ్గరికి వెళ్ళి సక్షన్ ఆన్ చేసి పైపుకి వేలు అడ్డం పెట్టి లాగుతోందో లేదో చూడండి, యాంబూ బ్యాగ్ మాస్క్‌తో సహా ఉందా, లారింగోస్కోప్ లైట్ వెలుగుతోందా, సిరంజి పంపులు రెండు ఛార్జింగ్‌లో ఉన్నాయా. ఇంతే.

2. మొదటి అయిదు నిమిషాలు, చేతులూ కళ్ళూ

బెడ్ మీదకి మార్చగానే అందరి చూపూ మానిటర్ మీదకే పోతుంది. మీరు పేషెంట్ మొహం దగ్గరికి వెళ్ళండి. పేరు పెట్టి పిలవండి, పెద్దావిడైతే అమ్మా అనండి, ఏ ఊరు అని అడగండి. ఊరి పేరు ఒక్క ఊపిరిలో చెప్పగలిగారా, మధ్యలో ఆయాసపడ్డారా, అసలు మీరు అడిగింది అర్థమైందా, ఈ ఒక్క ప్రశ్నతో ఊపిరి గురించీ మెదడు గురించీ చాలా తెలిసిపోతుంది. ఊపిరిని మీరే లెక్కపెట్టండి, కనీసం 30 సెకన్లు, ఎందుకంటే మానిటర్ చూపించే రెస్పిరేషన్ నంబర్ పేషెంట్ కదిలినా తప్పిపోతుంది.

తర్వాత చూపుడువేలి చివర గాజు స్లైడ్‌తో, లేదంటే మీ వేలితోనే, తెల్లబడేదాకా 10 సెకన్లు నొక్కి వదలండి. రంగు తిరిగి రావడానికి 3 సెకన్లు దాటితే రక్తం చివరిదాకా అందట్లేదని. ఇదేదో పాతకాలం పద్ధతి అనుకోకండి, 2019లో ఆండ్రోమెడా-షాక్ అనే స్టడీలో లాక్టేట్‌ని (ఒంటికి రక్తం సరిగ్గా అందనప్పుడు రక్తంలో పెరిగేది) చూస్కుంటూ చేసిన వైద్యానికి పక్కన దీన్ని పెట్టి చూస్తే ఇది ఎక్కడా తీసిపోలేదు, పైగా ల్యాబ్ రిపోర్ట్ కోసం ఆగక్కర్లేదు. మోకాళ్ళ మీద మచ్చలు పడతాయని చదివే ఉంటారు, మనవాళ్ళ చర్మం రంగుకి అవి సరిగ్గా కనపడవు, చేత్తో ముట్టుకుని చూడండి, మోకాలు చల్లగా పొట్ట వెచ్చగా ఉందంటే అదీ లెక్కే.

గ్లూకోమీటర్‌తో షుగర్ వెంటనే చూడండి. మత్తుగా ఉన్నాడు, సెప్సిస్ మెదడుకెక్కింది అని అందరూ అనుకుంటుంటే షుగర్ 40 ఉండొచ్చు.

బట్టలు పూర్తిగా తీసి, దుప్పటి కప్పి, ఒక్కో భాగం చూస్కుంటూ రండి. చంకలు, గజ్జలు, నడుం దగ్గర లంగా నాడా కట్టుకునే చోటు, రొమ్ముల కింద. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చిన్న పెచ్చు, చుట్టూ ఎర్రగా, నొప్పి ఉండదు కాబట్టి పేషెంట్ దాని గురించి చెప్పరు, అది కనపడితే స్క్రబ్ టైఫస్ అని దాదాపు తేలిపోయినట్టే. దీని మీద ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ఎంత ఖరీదైన మెరోపెనెమ్ పెట్టినా ఆ క్రిమికి పని చెయ్యదు, డాక్సీసైక్లిన్ కావాలి. సీరియస్ కేసుల్లో డాక్సీతో పాటు అజిత్రోమైసిన్ కూడా నరంలోకి కలిపి ఇస్తే ఏదో ఒక్కటే ఇచ్చినదానికన్నా బాగుందని మన దేశంలోనే చేసిన ఇంట్రెస్ట్ అనే స్టడీ 2023లో చూపించింది. పొలం పనికి వెళ్ళేవాళ్ళు, అయిదారు రోజుల జ్వరం, ప్లేట్‌లెట్స్ తక్కువ, ఆయాసం అంటే ఆ నల్ల పెచ్చు దొరక్కపోయినా డాక్సీ గురించి సీనియర్‌ని అడగండి. డెంగ్యూ అని రాసేసి వదిలేసే కేసుల్లో ఇవి కొన్ని ఉంటాయి.

3. మొదటి గంట

ఇక్కడ పనులు ఒకదాని తర్వాత ఒకటి కాదు, పక్కపక్కనే నడవాలి, ఒకరు లైన్ పెడుతుంటే ఇంకొకరు రక్తం తియ్యాలి. లాక్టేట్ పంపండి, ఏబీజీ (ధమని రక్తంలో ఆక్సిజన్ లాంటివి చూసే పరీక్ష) మెషిన్ ఉంటే అందులోనే వచ్చేస్తుంది, 2 దాటితే మళ్ళీ రెండు మూడు గంటలకి చూడాలి. బ్లడ్ కల్చర్ యాంటీబయాటిక్‌కి ముందు తియ్యాలి, రెండు వేర్వేరు చోట్ల నుంచి, పెద్దవాళ్ళకి బాటిల్‌కి 8 నుంచి 10 ఎంఎల్. 2 ఎంఎల్ పోసి పంపిస్తే క్రిమి ఉన్నా రిపోర్ట్‌లో ఏమీ పెరగలేదని వస్తుంది. బాటిల్ మూత పీకాక ఆ రబ్బరు మీద స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. నరం దొరక్క ఆలస్యమైపోతుంటే మాత్రం కల్చర్ కోసం యాంటీబయాటిక్‌ని ఆపొద్దు.

యాంటీబయాటిక్ షాక్ గుర్తించిన గంటలోపు పడాలి. మన దగ్గర ఇది ఎక్కడ ఆగిపోతుందో తెలుసా, ఫార్మసీ దగ్గర. చీటీ రాసి పేషెంట్ కొడుకు చేతికిస్తాం, ఆయన కిందకెళ్ళి క్యూలో నిలబడి, డబ్బు తక్కువైతే బావమరిదికి ఫోన్ చేసి, తెచ్చేసరికి గంటన్నర. కాబట్టి మొదటి డోస్ ఐసీయూ స్టాక్‌లోంచి వేసేసి తర్వాత తెప్పించి సర్దుకునే ఏర్పాటు మీ ఇన్‌చార్జ్ సిస్టర్‌తో ముందే మాట్లాడి పెట్టుకోండి. డోస్ పడిన టైమ్ షీట్‌లో రాయండి, ఆర్డర్ రాసిన టైమ్ కాదు.

ఫ్లూయిడ్: గైడ్‌లైన్ ప్రకారం కేజీకి 30 ఎంఎల్ మొదటి మూడు గంటల్లో, అంటే 60 కేజీల మనిషికి 1800 ఎంఎల్. ఆర్‌ఎల్ లాంటివి మంచివి. కానీ మొత్తం ఒకేసారి తెరిచేసి పోవద్దు, 500 చొప్పున, ప్రతి బాటిల్ తర్వాత పైన చెప్పినట్టు వేలు నొక్కి చూడండి, వీపు కింది భాగంలో స్టెత్ పెట్టి వినండి, ఊపిరి పెరిగిందా చూడండి. రెండు బాటిళ్ళకీ బీపీ కదలకపోతే మూడోది అయ్యేదాకా అద్భుతం కోసం చూడొద్దు, బీపీ పెంచే మందు నార్‌అడ్రినలిన్, అదే మనమందరం నారాడ్ అనేది, మొదలెట్టండి. మీన్ బీపీ (సగటు బీపీ) 65 ఉంచాలి. సెంట్రల్ లైన్ పడేదాకా ఆగాల్సిన పని లేదు, మోచేతి దగ్గర మంచి క్యాన్యులా ఉంటే కాసేపు దాంట్లో నడపొచ్చు, చెయ్యి వాస్తోందా తెల్లబడుతోందా అని మాత్రం చూస్తూ ఉండాలి.

4. నారాడ్ సిరంజి గురించి కాస్త ఎక్కువగా

"నారాడ్ 5లో వెళ్తోంది" అని హ్యాండోవర్ ఇస్తారు. 5 అంటే ఏంటి? 50 ఎంఎల్‌లో 4 ఎంజీ కలిపారా 8 కలిపారా? 8 ఎంజీ కలిపితే ఒక ఎంఎల్‌లో 160 మైక్రోగ్రాములు, గంటకి 5 ఎంఎల్ అంటే నిమిషానికి సుమారు 13, 60 కేజీల మనిషికి కేజీకి 0.22. అదే 4 కలిపి ఉంటే 0.11. అదే 5, కానీ ఒకాయన స్టిరాయిడ్, వాసోప్రెసిన్ (బీపీ నిలబెట్టే ఇంకో మందు) గురించి ఆలోచించాల్సిన స్టేజీకి దగ్గర్లో ఉన్నాడు, ఇంకొకాయన కోలుకుంటున్నాడు. సిరంజి మీద ప్లాస్టర్ అంటించి మందు, ఎన్ని ఎంజీ, ఎన్ని ఎంఎల్, కలిపిన టైమ్ రాయాల్సిందే, కేజీకి నిమిషానికి ఎంత అన్న లెక్కలోనే మాట్లాడుకోవాలి. 0.25 చేరి నాలుగు గంటలైనా దిగట్లేదంటే హైడ్రోకార్టిసోన్ రోజుకి 200 ఎంజీ, ఈ రేంజ్‌లోనే వాసోప్రెసిన్ కూడా, ఇవి సీనియర్‌తో మాట్లాడి.

సిరంజిలో 5 ఎంఎల్ మిగిలినప్పుడే కొత్తది కలిపి రెండో పంపులో పెట్టుకోండి. పంప్ అరిచాక పరిగెత్తి కలిపితే ఆ రెండు నిమిషాల్లో బీపీ 50కి పడిపోతుంది. ఇంకోటి, నారాడ్ వెళ్ళే పోర్ట్‌లో ఏ ఇంజెక్షనూ వెయ్యొద్దు, ఫ్లష్ చెయ్యొద్దు. పైపులో ఉన్నదంతా ఒక్కసారిగా లోపలికి పోయి బీపీ 220 చూపిస్తుంది, కంగారుపడి పంప్ ఆపేస్తారు, ఇంకో రెండు నిమిషాలకి బీపీ ఉండదు.

ఆర్టీరియల్ లైన్ (ధమనిలో పెట్టి బీపీని ఎప్పటికప్పుడు చూసేది) ఉంటే ట్రాన్స్‌డ్యూసర్, అంటే ఆ ప్రెషర్‌ని కొలిచే పరికరం, గుండె ఎత్తులో, చంక మధ్య గీత దగ్గర ఉందో లేదో బెడ్ ఎత్తు మార్చినప్పుడల్లా చూడండి. 10 సెంటీమీటర్లు కిందకి జారితే బీపీ 7 దాకా ఎక్కువ చూపిస్తుంది, అంటే 58 ఉన్నాయన 65 ఉన్నట్టు కనపడతాడు.

5. ఊపిరి

నిమిషానికి 35 దాటి ఊపిరి, చెమటలు, మాట పొంతన లేదు అంటే వెంటిలేటర్ విషయం ఆలస్యం చెయ్యొద్దు. కానీ షాక్‌లో ఉన్నాయనకి ట్యూబ్ వేసేటప్పుడు ప్రాణం మీదకొచ్చేది గొంతు దగ్గర కన్నా బీపీ దగ్గరే, మత్తు ఇంజెక్షన్ పడగానే ఉన్న కాస్త బీపీ జారిపోతుంది. అందుకే నారాడ్ ముందే నడుస్తూ ఉండాలి, ప్రొపొఫాల్ బదులు కీటమిన్ లాంటివి తక్కువ డోస్‌లో, సీనియర్ పక్కన ఉండగా. ట్యూబ్ సరైన చోట ఉందని క్యాప్నోగ్రాఫ్‌తో (బయటికొచ్చే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ చూపించేది) తేల్చుకోండి.

టైడల్ వాల్యూమ్ (ఒక్కో ఊపిరికి వెంటిలేటర్ ఇచ్చే గాలి) ఎత్తుని బట్టి పెట్టాలి, బరువుని బట్టి కాదు. బెడ్ మీద పడుకుని ఉండగానే టేపుతో కొలవండి. సెంటీమీటర్లలోంచి 152.4 తీసేసి, 0.91తో గుణించి, ఆడవాళ్ళకి 45.5, మగవాళ్ళకి 50 కలపండి, దాన్ని 6తో గుణించండి. 155 సెంటీమీటర్ల ఆవిడ 85 కేజీలున్నా ఆ లెక్కలో 48 కేజీలే, 290 ఎంఎల్ చాలు. బరువు చూసి పెడితే 510 కొడతారు, ఊపిరితిత్తి దెబ్బతింటుంది. 2000లో వచ్చిన ఆర్డ్స్‌నెట్ స్టడీలో ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు వాచి నీరు చేరి ఆక్సిజన్ అందకపోవడం) పేషెంట్లకి ఆ లెక్కలో కేజీకి 12 ఎంఎల్ బదులు 6 పెడితే చనిపోయేవాళ్ళు 39.8 శాతం నుంచి 31కి తగ్గారు, కొత్త మందేం లేదు, ఒక నాబ్ తిప్పారంతే. ప్లాటో ప్రెషర్ (గాలి లోపలికి వెళ్ళాక క్షణం ఆపి చూసే ప్రెషర్) 30 దాటకుండా చూస్కోండి, ఆక్సిజన్ సాచురేషన్ 92 నుంచి 96 చాలు, 100 కోసం ఆరాటం వద్దు.

అలారం మోగి సాచురేషన్ పడిపోతుంటే, ట్యూబ్ జారిందా, కఫంతో మూసుకుపోయిందా, ఒకవైపు ఛాతీలో గాలి చేరిందా, మెషిన్‌దే తప్పా, ఈ నాలుగే. ఏదో తేలకపోతే వెంటిలేటర్ పీకేసి యాంబూ బ్యాగ్‌తో మీరే ఊపిరివ్వండి, చేతికి గట్టిగా తగులుతోందా మెత్తగా ఉందా అన్నదే సగం జవాబు చెప్తుంది. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో వచ్చినప్పుడు మెడికల్ స్టూడెంట్లు షిఫ్టులేసుకుని చేత్తోనే బ్యాగ్ నొక్కుతూ జనాన్ని బతికించారు, ఆ మరుసటి ఏడాది బ్యోర్న్ ఇబ్సెన్ అనే ఎనస్థీషియా డాక్టర్ అక్కడ మొదలెట్టిన యూనిట్ నుంచే మన ఐసీయూలు వచ్చాయి. కాబట్టి బ్యాగ్ నొక్కడం నామోషీ ఏం కాదు.

6. రోజూ పొద్దున

విన్సెంట్ అనే బెల్జియం డాక్టర్ 2005లో ఫాస్ట్ హగ్ అని ఒక గుర్తు పెట్టాడు, అందులో ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి ఒక్కో విషయం, ఫీడ్, నొప్పి, మత్తు, కాళ్ళలో రక్తం గడ్డ కట్టకుండా మందు, తల ఎత్తు, కడుపులో అల్సర్, షుగర్. రౌండ్స్‌లో ప్రతి బెడ్ దగ్గరా వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి. తల 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తులో ఉండాలి, మీరు 30 అనుకునేది కొలిస్తే చాలాసార్లు 15 ఉంటుంది. షుగర్ 180 దాటితే ఇన్సులిన్, 140 నుంచి 180 మధ్య ఉంచితే చాలు, బాగా బిగించి 100కి తెద్దామనుకుంటే ప్రమాదమని 2009లోనే నైస్-షుగర్ స్టడీ చెప్పేసింది. హీమోగ్లోబిన్ 7 దాకా సాధారణంగా రక్తం అక్కర్లేదు, గుండె పేషెంట్ అయితే వేరే లెక్క.

ఫీడ్ రైల్స్ ట్యూబ్‌లో (ముక్కులోంచి కడుపులోకి వేసే పైపు) 48 గంటల్లోపు మొదలవ్వాలి. ఇంటివాళ్ళు కొబ్బరినీళ్ళు తెచ్చి పొయ్యమంటారు, ప్రేమతోనే, కానీ యూరిన్ రాని పేషెంట్‌కి అందులో ఉండే పొటాషియం గుండెకి ముప్పు. కసురుకోకండి, ఎందుకొద్దో చెప్పండి. యూరిన్ గంటకి కేజీకి 0.5 ఎంఎల్, 60 కేజీలకి 30 రావాలి, ఒక్కసారిగా సున్నా అయిపోతే కిడ్నీ పోయిందనే ముందు ఫోలీ పైపు మడత పడిందేమో చూడండి, ఇది నవ్వులాటకి రాయట్లేదు.

మత్తు విషయంలో అందరం చేసే పని, పేషెంట్ కదిలితే మిడజోలామ్ పెంచెయ్యడం. ముందు నొప్పికి ఇవ్వండి. వీలైన ప్రతి పొద్దునా మత్తు ఆపి, కళ్ళు తెరిచే టైమ్‌కి ఎవరో ఒకరు పక్కన ఉండండి. కళ్ళు తెరిచినాయనకి కనపడేది తెలియని సీలింగ్, కట్టేసిన చేతులు, గొంతులో పైపు, పీక్కోక ఏం చేస్తాడు. చెయ్యి పట్టుకుని, "బాబాయ్, మీరు ఆస్పత్రిలో ఉన్నారు, ఇవాళ మంగళవారం, గొంతులో పైపుంది అందుకే మాట రావట్లేదు, మీ అబ్బాయి బయటే ఉన్నాడు, విన్నారా, అయితే నా వేలు నొక్కండి" అని చెప్పి చూడండి. ఆయన కళ్ళజోడు, చెవి మెషిన్ ఇంటినుంచి తెప్పించి పెట్టండి. రాత్రి లైట్లు తగ్గించండి, సిస్టర్స్ స్టేషన్‌లో కబుర్లు కూడా. అదే పొద్దున బాగా మెలకువ వచ్చి, ఆక్సిజన్, బీపీ నిలకడగా ఉంటే వెంటిలేటర్ సపోర్ట్ తగ్గించి అరగంట సొంతంగా ఊపిరి తీస్కోగలరేమో చూడాలి, చూడకపోతే ఎప్పుడు రెడీ అయ్యారో మనకి తెలియదు.

గొంతు ట్యూబ్ చుట్టూ ఉండే బెలూన్, అదే కఫ్, దాని ప్రెషర్ 20 నుంచి 30 మధ్య. రెండు గంటలకోసారి పక్కకి తిప్పండి, తిప్పినప్పుడల్లా నడుం కింద, మడమలు, తల వెనక ఎర్రబడిందేమో చూడండి. ఒక బెడ్ నుంచి ఇంకో బెడ్‌కి వెళ్ళేటప్పుడు చేతులు కడుక్కోండి, గ్లౌజులు ఉన్నాయి కదా అని వదిలెయ్యొద్దు. కల్చర్ రిపోర్ట్ 48 నుంచి 72 గంటల్లో వస్తుంది, ల్యాబ్ వాళ్ళు పంపేదాకా కూర్చోక మీరే ఫోన్ చెయ్యండి, రాగానే అక్కర్లేని యాంటీబయాటిక్ ఆపించండి.

7. బయట కూర్చున్నవాళ్ళతో

ఐసీయూ గ్లాస్ తలుపు అవతల చాపేసుకుని పడుకున్నవాళ్ళకి తలుపు తెరుచుకున్న ప్రతిసారీ గుండె జారుతుంది. రోజుకి రెండుసార్లు ఫలానా టైమ్‌కి మాట్లాడతామని చెప్పి, ఆ టైమ్‌కి తప్పకుండా వెళ్ళండి. ఇంట్లోవాళ్ళలో ఎవరికి చెప్పాలో ఒకరిద్దరిని వాళ్ళనే ఎంచుకోమనండి, లేకపోతే పెద్దకొడుక్కి ఒకటి, మేనల్లుడికి ఒకటి చెప్పినట్టయ్యి గొడవలవుతాయి. కూర్చుని మాట్లాడండి. మల్టీ ఆర్గాన్ డిస్‌ఫంక్షన్ అంటే ఎవరికీ ఎక్కదు, "ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది, దానివల్ల బీపీ నిలబడట్లేదు, కిడ్నీలు మందగించాయి, నిన్నటికంటే బీపీ మందు కాస్త తగ్గించగలిగాం, ఈ రాత్రి యూరిన్ వస్తుందేమో చూస్తున్నాం, రాకపోతే డయాలసిస్ పెట్టాల్సి రావచ్చు" అని చెప్పండి. చెప్పాక, ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్తారో నాకు ఒకసారి చెప్పండి అని అడగండి, వాళ్ళకి ఎంత అర్థమైందో అప్పుడు తెలుస్తుంది. "ఏమీ చెప్పలేం, దేవుడి మీద భారం వెయ్యండి" అని మాత్రం వద్దు, అది మొక్కుకునేవాళ్ళ మాట, మన మాట కాదు. ఖర్చు సంగతి వాళ్ళు అడగకముందే ఎత్తండి, ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా, ఆ కాగితాలకి ఎవరిని కలవాలో చెప్పించండి.

అన్నీ చేసినా ఇక లాభం లేదన్నప్పుడు, చాలామంది ఇళ్ళకి తీసుకెళ్ళిపోతాం అంటారు, మనం సంతకం పెట్టించుకుని పంపేస్తాం, దారిలో ఆయాసంతో పోతారు. 2018లో సుప్రీంకోర్టు తీర్పు, 2023లో దాన్ని సులభం చేస్తూ ఇచ్చిన ఆర్డర్ ఉన్నాయి, ఇంటివాళ్ళ ఒప్పుదలతో, రెండు మెడికల్ బోర్డులు చూశాక, ప్రాణం నిలబెట్టే మెషిన్లు ఆపడానికి దారి ఉంది. అది మీరు ఒక్కరే తేల్చే విషయం కాదు, కన్సల్టెంట్ ద్వారానే జరగాలి. ఆ నిర్ణయం ఏదైనా, నొప్పికీ ఆయాసానికీ మందు మాత్రం ఆగకూడదు.

8. హ్యాండోవర్, తర్వాత వార్డుకి

హ్యాండోవర్ డ్యూటీ రూమ్‌లో టీ తాగుతూ ఇచ్చుకోవద్దు, బెడ్ పక్కన నిలబడి, పంపులు ఒక్కొక్కటీ చూపిస్తూ, ప్లాస్టర్ మీద రాసింది పైకి చదువుతూ ఇవ్వండి. మీరు మొదలెట్టి ఇంకా చూడనివి ఏమున్నాయో చివర్లో చెప్పండి, ఫలానా టైమ్‌కి లాక్టేట్, ఫలానా కల్చర్, ట్యూబ్ మార్చాక ఎక్స్‌రే.

నారాడ్ ఆగి ఒక రోజు నిలబడ్డాక వార్డుకి పంపుతారు. పంపేముందు సెంట్రల్ లైన్, ఆర్టీరియల్ లైన్, ఫోలీ, ఏది అక్కర్లేదో తీసేయండి. కాళ్ళలో బలం ఉండదు, లేచి నిలబడితే పడిపోవచ్చు, కొన్నాళ్ళు పీడకలలు, మతిమరుపు ఉండొచ్చని ఇంటివాళ్ళకి చెప్పండి, ఫిజియోథెరపీ రాయండి. మందుల షీట్ మొత్తం మళ్ళీ చదివి, అల్సర్ రాకుండా ఐసీయూలో మొదలెట్టిన పాంటాప్ అవసరం తీరిపోతే కొట్టేయండి, లేకపోతే ఆరు నెలల తర్వాత కూడా పరగడుపున వేస్కుంటూనే ఉంటారు, ఎందుకు వేస్కుంటున్నారో ఎవరికీ తెలియకుండా.